కరువును కరువన్న దొర

సోలాపూరు నేతపేటలలో నూలుకు రంగు వేసే పనిని ఇంగ్లీషులో రాయవలసి వచ్చినప్పుడల్లా ఒక చిక్కు ఎదురవుతుంది. డి, వై, ఈ, ఐ, ఎన్, జి అని రాస్తే రంగు వేయడం. నడుమనున్న ఈ జారిపోతే చనిపోవడం. చెవికి రెండూ డైయింగే. బిల్లు పుస్తకం మీదనో, బోర్డు మీదనో ఆ ఒక్క అక్షరం లోపిస్తే రంగుల కార్ఖానాకు అపశకునం పట్టుకున్నట్టే. పడుగును వార్ప్ అంటారు. అందులో రెండు అక్షరాలు తారుమారైతే ర్యాప్ అవుతుంది, అంటే చుట్టబెట్టడం. పడుగు దారాలను వరుస తప్పకుండా నిలిపే పన్నె రీడ్, చదవడమూ రీడే, కాని వర్ణక్రమం వేరు. గుడ్డల కట్ట బేల్, జైలు నుంచి విడిపించే జామీనూ బేలే. అప్పు పత్రంలోని అసలును ప్రిన్సిపల్ అంటారు, నీతినియమమూ ప్రిన్సిపలే. మొదటిదాని చివర ఏ, ఎల్ ఉంటాయి, రెండవదాని చివర ఎల్, ఈ ఉంటాయి. ఇక చద్దరు మీద నెమలినీ పువ్వునూ తేల్చే జకార్డు పేరును తప్పు లేకుండా రాయగలవారు చదువుకున్నవారిలోనూ తక్కువే. ఆ మాటలో సి వెనుక క్యూ, దాని వెనుక యు ఎందుకు చేరాయో తెలియాలంటే అది ఫ్రాన్సులోని లియాన్ పట్టణపు జోసెఫ్ మారీ జకార్డ్ అనే మనిషి పేరని తెలియాలి.

తెలుగు పిల్లవాడు ఓనమాలు దిద్దుతూనే ఒక సంగతి వంటబట్టించుకుంటాడు. పలికినదే రాస్తాం, రాసినదే పలుకుతాం. ఇంగ్లీషుది ఆ దారి కాదు. అక్షరాలు 26, ధ్వనులు నలభైకి పైగా. అచ్చుయంత్రం వచ్చాక రాత చాలావరకు కుదుటపడింది గాని పలుకుబడి ఆగకుండా మారుతూ పోయింది. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వెలువడే నాటికే నోటికీ కలానికీ నడుమ చాలా ఎడం ఏర్పడింది. ఆ ఎడం ఇంగ్లండులో పుట్టిన పిల్లలకే బాధ. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, పక్కపేటలో కన్నడం వింటూ పెరిగి, బడిలో ఇంగ్లీషును ఎదుర్కొనే పద్మశాలి పిల్లల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ కష్టాన్ని తెలుగువారి పక్కన కూర్చుని చూసిన ఇంగ్లీషువారిలో అగ్రగణ్యులు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. వేమన పద్యాల బ్రౌనుగా, తాళపత్రాల బ్రౌనుగా ఆయనను ఎరిగినవారు ఎందరో ఉన్నారు. 1852లో మద్రాసులో అచ్చయిన ఆయన నిఘంటువు ఇంగ్లీషు నుడికారాలను తెలుగులో వివరించడంతో పాటు ఇంగ్లీషు మాటల ఉచ్చారణను కూడా ఇస్తున్నట్టు శీర్షికలోనే చాటుకున్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. దొరలకు తెలుగు నేర్పిన మనిషి తెలుగువారికి ఇంగ్లీషు నోరు తిరగడానికీ పాటుపడ్డారు.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యులు, కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో ఉన్నత పదవి నిర్వహించినవారు. ఇల్లే బహుభాషల బడి కావడంతో కొడుక్కు చిన్ననాటనే పలు లిపులు, పలు పలుకుబళ్లు అలవడ్డాయి. 1812లో తండ్రి కన్నుమూశాక కుటుంబం ఇంగ్లండు చేరింది. ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగులను తయారు చేసే హెయిలీబరీ కళాశాలలో చదివి, 1817 ఆగస్టులో, ఇంకా పందొమ్మిదేళ్లు నిండకుండానే, బ్రౌన్ మద్రాసులో దిగారు. అప్పటికి ఆయనకు తెలుగు అక్షరం ముక్క రాదు. ఫోర్ట్ సెంట్ జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు గారు ఆయనకు తెలుగు గురువయ్యారు. 1820లో పరీక్ష ముగిసింది.

ఇక్కడ సోలాపూరుకు తెలిసిన పేరు ఒకటి తటస్థపడుతుంది. 1818 మే నెలలో పీష్వా సేనను ఓడించి సోలాపూరు కోటను కంపెనీ వశం చేసిన సేనాని థామస్ మన్రో. ఆ పోరాటానికి చాలా ముందే రాయలసీమ దత్తమండలాలలో ఏడేళ్లు కలెక్టరుగా తిరిగి, రైతుల నోటి భాష నేర్చినవాడు. ఆ మన్రోయే 1820లో మద్రాసు గవర్నరుగా వచ్చారు. ప్రజల భాష రాని అధికారి ప్రజలకు న్యాయం చేయలేడన్న ఆయన ఉపదేశం కళాశాల విద్యార్థులలో కొందరికి ఈ చెవిన పడి ఆ చెవిన పోయి ఉంటుంది. బ్రౌనుకు మాత్రం జన్మంతా మనసులో నిలిచింది.

1820 ఆగస్టులో బ్రౌన్ కడపకు వచ్చారు. అక్కడి కలెక్టరు హాన్‌బరీ తెలుగు ధారాళంగా మాట్లాడేవారు. ఆయన కింద పని చేయడం బ్రౌనుకు అదృష్టం. కచేరీలో రోజూ వినబడే తెలుగు కళాశాలలో చదివిన కావ్యాల తెలుగు కాదు. అర్జీలలో పారశీ, హిందుస్తానీ, మరాఠీ మాటలు కలగలిసి ఉండేవి. రైతు చెప్పినది ఒకటి, గుమాస్తా రాసినది ఒకటి, దొరకు ఇంగ్లీషులో అందేది ఇంకొకటి. మూడు చేతులు మారేసరికి మాట రూపు చెడేది, ఒక్కొక్కసారి అర్థమూ చెడేది. భూమికి శిస్తు కట్టేవాడి బతుకు ఆ మాట మీద ఆధారపడి ఉంటుందన్నది బ్రౌన్ కడపలో నేర్చుకున్న మొదటి పాఠం.

తరువాత మచిలీపట్నం, రాజమహేంద్రవరం, మళ్లీ కడప. రెండవసారి వచ్చినప్పుడు కడపలో తోటతో కూడిన బంగళా ఒకటి కొని, పండితులకూ లేఖకులకూ అందులోనే పని చూపించారు. బ్రౌన్ కాలేజీ అని జనం పిలిచింది దానినే. కడపలోనూ మచిలీపట్నంలోనూ పేద పిల్లలకు ఉచిత పాఠశాలలు నడిపారు. వీటన్నిటికీ కంపెనీ డబ్బు ఇచ్చింది కాదు. జీతం చాలలేదు, అప్పులు చేశారు. మొదట చెప్పుకొన్న ప్రిన్సిపల్ అనే మాట రెండు వర్ణక్రమాలూ ఆయన జీవితంలో జంటగానే నడిచాయనవచ్చు. నియమం కోసం చేసిన అప్పుల అసలు ఆయనను చాలాకాలం వెంటాడింది.

1824 ప్రాంతాన అబ్బే డుబాయ్ రాసిన గ్రంథంలో వేమన పేరు బ్రౌన్ కంటబడింది. ఆ పద్యాల కోసం తాళపత్రాలు తెప్పించడం మొదలుపెట్టాక అసలు సమస్య బయటపడింది. ఒక ప్రతికీ మరొక ప్రతికీ పొంతన లేదు. ఎండ, చెద, పొగ తిన్నవి కొన్ని. మిగిలినవాటిలో లేఖకుల పొరపాట్లు. తాటాకు మీద గంటంతో గీసేటప్పుడు ప, వ ఒకలాగే పడతాయి. థకూ ధకూ తేడా ఒక చుక్క. అర్థం తెలియకుండా ఎత్తిరాసేవాడు ఒక తప్పు చేస్తే, తరువాతివాడు దానిని సరిదిద్దబోయి మరొక తప్పు చేసేవాడు. తానే పండితుడననుకున్నవాడు ఒప్పును కూడా మార్చేసేవాడు. మూడవ రకంవాడు మొదటి ఇద్దరికంటే ప్రమాదకారి.

బ్రౌన్ ఎన్నుకున్న పద్ధతి ఓపికగల నేతగాని పద్ధతి. ఒకే గ్రంథానికి దొరికినన్ని ప్రతులు సేకరించేవారు. వాటిని కాగితం మీద శుభ్రంగా రాయించి, ఎదుటి పుట ఖాళీ వదిలించేవారు. పండితులు కూర్చుని ఒక్కొక్క పద్యానికి ఏ ప్రతిలో ఏ పాఠం ఉందో ఆ ఖాళీ పుటలో నమోదు చేసేవారు. ఆ పాఠాలన్నీ పక్కపక్కన పరచి చూస్తే దారం ఎక్కడ తెగిందో తెలిసిపోయేది. తప్పుల ప్రతిని ఆయన అవతల పారవేయలేదు. తప్పు కూడా సాక్ష్యమే కదా, ఏ లేఖకుడు ఏ మాటను ఎలా విన్నాడో, ఏ సీమలో ఎలా పలికేవారో అది చెబుతుంది. తిప్పాభట్ల వెంకట శివశాస్త్రి, అద్వైత బ్రహ్మశాస్త్రి, జూలూరి అప్పయ్య వంటి పండితులు ఈ చాకిరీలో ఆయనకు కుడిభుజాలు. వీరి పేర్లు చెప్పకుండా బ్రౌన్ పేరు ఒక్కటే చెప్పడం న్యాయం కాదు. 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయి. వసుచరిత్ర, మనుచరిత్ర వంటి ప్రబంధాలను సరిచూసే పనీ ఇదే పద్ధతిలో సాగింది.

ఆ రోజుల్లో మన భాష పేరుకే ఇంగ్లీషులో ఒక వర్ణక్రమం కుదరలేదన్నది నేటివారికి వింతగా తోస్తుంది. 1814లో విలియం కేరీ వ్యాకరణం దానిని తెలింగానా అంది. 1816లో క్యాంబెల్ వ్యాకరణం రెండు చోట్ల జంట ఓలు పెట్టి తెలూగూ అని రాసి, జెంటూ అనే వాడుక పేరును పక్కన చేర్చింది. పోర్చుగీసువారు అన్యమతస్థులనే అర్థంలో వాడిన మాట నుంచి వచ్చినది ఆ జెంటూ. బ్రౌన్ 1827లో వెలువరించిన ఛందోగ్రంథం నాటికే టి, ఈ, ఎల్, యు, జి, యు అని సూటిగా రాశారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడేది అదే. అదే శీర్షికలో సంస్కృతాన్ని మాత్రం ఆ కాలపు అలవాటు చొప్పున కె బదులు సి పెట్టి రాశారు. ఎంతటివారికైనా కాలం అలవాటు తప్పదు. ఊళ్ల పేర్ల తంటా మరింత పాతది, మరింత మొండిది. కడపను ఇంగ్లీషులో కుడ్డపాగా రాయడం 2005 దాకా సర్కారు కాగితాలలో సాగింది. సోలాపూరుకు అనవసరంగా ఒక హెచ్ తగిలించి షోలాపూర్ చేసిన రాత మిల్లుల పేర్లలోనూ కోర్టు తీర్పులలోనూ అచ్చై, చదివేవారికి ఇవి రెండు ఊళ్లేమోనన్న అనుమానం కలిగించేది.

అక్షరం తప్పితే నవ్వుకుని దిద్దుకోవచ్చు. మాటకు మాట మార్చితే ఏమవుతుందో బ్రౌన్ గుంటూరులో చూశారు.

1832, 33 సంవత్సరాలలో, తెలుగు లెక్కన నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమ మీద పడిన కరువును జనం డొక్కల కరువు అన్నారు. ఎముకల గూళ్లయిన మనుషులను చూసి పెట్టిన పేరు అది. వానలు లేవు. గింజలు ఉన్నచోట ధరలు అందలేదు. జనం కాలినడకన మద్రాసు బాట పట్టి దారిలోనే రాలిపోయారు. సుమారు ఐదు లక్షల జనాభా ఉన్న జిల్లాలో లక్షన్నరకు పైగా చచ్చిపోయారని తరువాతి లెక్కలు. కరువు మొదట కాటు వేసేది పొలం లేని చేతిపనివారిని. రైతు పాతరలో నాలుగు గింజలైనా ఉంటాయి, సాలెవాని ఇంట్లో ఉండేది మగ్గమూ నూలూ. తిండికి లేనివాడు గుడ్డ కొనడు. గుడ్డ అమ్ముడుపోకపోతే సాలెవానికి కూడు లేదు. సోలాపూరులోని ఎన్నో తెలుగు కుటుంబాల పూర్వులు తెలంగాణ పల్లెలు విడిచి రావడం వెనుక ఇటువంటి లెక్కే ఉంది.

బ్రౌన్ అప్పుడు ఆ ప్రాంతంలో ఉద్యోగంలో ఉన్నారు. కంటితో చూసినదానికి ఇంగ్లీషులో ఆయనకు తెలిసిన మాట ఫామిన్. పైవారికి పంపే కాగితాలలో అదే రాశారు. పైవారికి ఆ మాట నచ్చలేదు. అనావృష్టి అనో, స్కేర్సిటీ అనో రాసి ఉంటే బాగుండుననుకున్నారు. తెలుగులో చెప్పాలంటే కొరత అన్నమాట. నిఘంటువులో ఈ రెండూ ఇరుగుపొరుగు మాటలే, తొందరలో ఒకదాని బదులు ఒకటి రాసేవారూ ఉంటారు. అధికారుల పట్టింపు తొందర వల్ల వచ్చినది కాదు. కొరత అంటే సరుకు తగ్గింది, ధర పెరిగింది, కొన్నాళ్లకు సర్దుకుంటుంది. క్షామం అంటే మనుషులు తిండి లేక చస్తున్నారు. రెండవ మాటను ఒప్పుకొన్న సర్కారు శిస్తు వదులుకోవాలి, గంజి కాయించాలి, చచ్చినవారి లెక్క చెప్పాలి. మొదటి మాటకు ఇవేవీ అక్కరలేదు. బ్రౌన్ తన మాటను ఉపసంహరించుకున్న దాఖలా లేదు. పాఠాంతరాలు సరిచూడడంలో పదేళ్లు గడిపిన మనిషికి ఏ ప్రతి సరైనదో, ఏది ఎవరో కావాలని దిద్దినదో తెలియకపోదు.

1834లో ఆయన ఉద్యోగం పోయింది. దీనికీ కరువు కాగితాలకూ ముడిపెట్టి కథ చెప్పనవసరం లేదు. అప్పుల బాధ, పైవారితో పొసగని స్వభావం చాలు. ఇంగ్లండు వెళ్లి అక్కడ మూడేళ్లు ఉన్నారు. లండనులోని కంపెనీ గ్రంథాలయంలో దక్షిణాది భాషల రాతప్రతులు 2,106 పట్టించుకునేవారు లేక పడి ఉండడం చూసి, వాటిని మద్రాసు లిటరరీ సొసైటీకి తెప్పించే ఏర్పాటు చేశారు. ఉద్యోగం లేని రోజుల్లో ఒక మనిషి చేసిన పనులలో ఇది చిన్నది కాదు. 1837లో ప్రభుత్వానికి పారశీ అనువాదకునిగా మద్రాసుకు తిరిగి వచ్చారు. కొంతకాలానికి పోస్టుమాస్టర్ జనరల్ పదవి కూడా చేశారు. 1840లో తెలుగు వ్యాకరణం వెలువడింది. 1849లో హైదరు, టిప్పుల చరిత్రను పుంగనూరి రామచంద్రరావు మరాఠీలో రాసిన గ్రంథం నుంచి ఇంగ్లీషులోకి తెచ్చారు. టిప్పు కొలువులో పని చేసిన తెలుగు నేలవాడు మరాఠీలో రాయడం, దానిని తెలుగు నేర్చిన ఇంగ్లీషువాడు అనువదించడం సోలాపూరువారికి మరీ ఆశ్చర్యమనిపించకపోవచ్చు.

ఇన్ని ఏళ్ల సేకరణ 1852 నుంచి 1854 దాకా వరుసగా అచ్చుకెక్కింది. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు, మిశ్రభాషా నిఘంటువు, జిల్లా నిఘంటువు, వాక్యావళి. పండితులు అంతవరకు కావ్యాలలో ఉన్న మాటనే మాట అనేవారు. బ్రౌన్ కావ్యభాషతో పాటు కచేరీలో, అంగడిలో, వ్యవహారంలో వాడే తెలుగుకూ చోటిచ్చారు. పడుగు, పేక, నాడె, మగ్గము అనే మాటలు ప్రబంధ కవుల మాటల పక్కనే కూర్చున్నాయి. రాతలో ఒక్కటే అయిన చ, జ అక్షరాలు చలి, జల్లెడ వంటి మాటలలో వేరుగా పలుకుతాయని విని, వాటికి గుర్తులు పెట్టారు. చెవితో విన్నదానిని కలం దాచకూడదన్నది ఆయన పట్టు.

మిశ్రభాషా నిఘంటువు సంగతి ప్రత్యేకం. తెలుగువారి నోట్లో కలిసిపోయిన పరభాషా పదాలను ఏరి కూర్చినది అది. జిల్లా నిఘంటువు కచేరీలలో తిరిగే దేశీయ పదాలను రోమను లిపిలో ఇచ్చి ఇంగ్లీషులో వివరించింది. ఒకే రెవెన్యూ పదాన్ని ఒక్కొక్క దొర ఒక్కొక్క వర్ణక్రమంతో రాస్తుంటే ఏది ఏదో తెలియని రోజులవి. దారి తప్పిన మాట ఊరు మారితే తిరిగి గుర్తుపట్టలేం. మిల్లుల వెంట వెలసిన గోడౌన్లనే తీసుకుంటే, ఇంగ్లీషువానికి కిందికి పోవడం అనే రెండు చిన్న మాటలు కలిసినట్టు కనబడే ఈ పదం మలయా భాషలోని గుదాంగ్ నుంచీ, దానికి చుట్టమైన మన గిడ్డంగి నుంచీ వచ్చిందని పండితుల అభిప్రాయం. మన మాటే వేషం మార్చుకుని ఇంటికి వస్తే గోడౌను అని పిలుచుకుంటున్నాం.

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో బ్రౌన్ ఎదుర్కొన్నది తిరగవేసిన సమస్య. తెలుగులో అప్పు అనే ఒక్క మాటతో తీసుకోవడం, ఇవ్వడం రెండూ జరిగిపోతాయి. ఇంగ్లీషులో తీసుకోవడం బారో, ఇవ్వడం లెండ్. వాటిని తారుమారు చేస్తే బాకీదారు షావుకారవుతాడు. చూచుట అనే ఒక్క క్రియకు ఇంగ్లీషులో సీ, లుక్, వాచ్ అని మూడు దారులు. మాటకు మాట చెప్పి వదిలితే చదువరి తప్పకుండా పొరబడతాడు. అందుకే నుడికారాన్ని వాక్యంలో పెట్టి చూపడానికి వాక్యావళి వంటి పుస్తకం కావలసి వచ్చింది. ఉచ్చారణ ఇవ్వడం వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన. రాతను నమ్మి పలికితే ఇంగ్లీషువానికి అర్థం కాదు, పలుకును నమ్మి రాస్తే అర్జీ చెల్లదు. తెలుగువాడు తన అర్జీ తానే రాసుకోగలిగిన రోజున నడుమ గుమాస్తా కలం అతని మాటను మార్చలేదు.

నిఘంటువుల పని ఆయన ఆరోగ్యాన్ని తినేసింది. 1855లో బ్రౌన్ భారతదేశం విడిచి వెళ్లారు. లండనులోనూ పని ఆగలేదు. 1857లో వ్యాకరణం రెండవ కూర్పు వచ్చింది. 1865లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యులుగా నియమితులయ్యారు. తన సాహిత్య జీవితాన్ని గురించి చిన్న పుస్తకం రాసుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న లండనులోనే కన్నుమూశారు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి ఉంది.

నిఘంటువు మాత్రం బతికింది. 1903లో ఎం. వెంకటరత్నం, డబ్ల్యు.హెచ్. క్యాంబెల్, కందుకూరి వీరేశలింగం సవరించిన కూర్పు వెలువడింది. చికాగో విశ్వవిద్యాలయం ఆ కూర్పును ఇంటర్నెట్టులో పెట్టింది. సోలాపూరు కార్ఖానాలో పాళీ ముగించుకున్న కుర్రవాడు కూడా ఫోనులో పడుగు అని వెతికి దాని ఇంగ్లీషు చూసుకోవచ్చు. బంగోరె పేరుతో ప్రసిద్ధులైన బండి గోపాలరెడ్డి బ్రౌన్ లేఖలను వెలికితీసి, ఆ జీవితాన్ని తెలుగువారికి మళ్లీ గుర్తు చేశారు. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో లేచిన గ్రంథాలయం బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా ఎదిగి, తరువాత యోగి వేమన విశ్వవిద్యాలయంలో చేరింది. 

గుంటూరు కాగితాలలోని ఆ రెండు మాటల తగవు బ్రౌనుతో ముగియలేదు. 1876లో మొదలై రెండేళ్లకు పైగా దక్షిణాదినీ దక్కనునూ నమిలేసిన మహాక్షామం సోలాపూరు జిల్లానూ విడిచిపెట్టలేదు. ఆ తరువాత 1880లో క్షామ కమిషను నివేదిక ఇచ్చింది. దాని వెంట వచ్చిన క్షామ నియమావళులలో స్కేర్సిటీ ఒక మెట్టు, ఫామిన్ మరొక మెట్టు అయ్యాయి. ఏ జిల్లా ఏ మెట్టు మీద ఉందో కాగితం చెప్పాలి, ఆ కాగితం చెప్పినదానిని బట్టి కూలి పనులు, గంజి, శిస్తు వాయిదాలు. 1963లో మహారాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. రాష్ట్రంలో అమలులో ఉన్న చట్టాల నుంచి ఫామిన్ అనే పదాన్ని తొలగించడమే దాని పని, పేరు కూడా అదే. సర్కారు పంటల పరిస్థితిని ఎప్పటికప్పుడు కనిపెట్టి చూస్తున్నది గనుక, కొరత ఛాయలు కనబడగానే సహాయం అందుతున్నది గనుక, క్షామం వచ్చే అవకాశమే లేదన్నది చెప్పిన కారణం. ఆ పదం ఉన్నచోట స్కేర్సిటీ వచ్చి చేరింది.

చట్టం వచ్చి పదేళ్లు నిండకుండానే 1972లో దక్కను మీద పడిన అనావృష్టిలో సోలాపూరు జిల్లా ఎండిపోయింది. లక్షల మంది రోడ్ల మీద రాళ్లు కొట్టే సహాయపు పనులకు వెళ్లారు. ఆ పనులకు కాగితాల మీద ఉన్న ఇంగ్లీషు పేరు స్కేర్సిటీ. మరాఠీలో జనం దానిని దుష్కాళ్ అన్నారు. నేతపేటలలో తెలుగువారు కరువనే అన్నారు.